అలివి తాడు మీద పంచాయతీ తీర్మానం

మా వీధి చివర పంచాయతీ ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి మొన్న ఒక సందేహం అడగడానికి మా ఇంటికి వచ్చింది. సభ్యులు సమావేశాలకు రావడం లేదట. ఫోన్‌లో కబురు పెడితే చూసి ఊరుకుంటున్నారట. "మీ రోజుల్లో ఏం చేసేవారండీ?" అని అడిగింది.

"ఒకసారి సమావేశాన్నే వాళ్ళ దగ్గరికి తీసుకుపోయాను" అన్నాను.

నవ్వులాటకు అన్నాననుకుంది. కాదు. అరవయ్యో దశకం చివర్లో నేను నిజంగా చేసిన పని అది. ఆ అమ్మాయికి సగం చెప్పేసరికి వాళ్ళ ఆఫీసు నుంచి పిలుపు వచ్చి వెళ్ళిపోయింది. మిగతా సగం ఆమె కోసమూ, ఆమె లాంటి వాళ్ళ కోసమూ రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాయడం నా అలవాటు. ఇప్పుడు తిరగేస్తే అందులో చాలా పేజీలు నాకే విసుగు పుట్టిస్తాయి. కురిసిన వాన, తప్పిపోయిన బస్సు, సంతకమైన కాగితం. ఆ ఒక్క రోజు పేజీ దగ్గర మాత్రం ఇప్పటికీ చేపల వాసన వస్తుందని మా ఆవిడ అంటుంది. రాసేటప్పుడు నా చేతులు అంత శుభ్రంగా లేవు మరి.

నాది చీపురుపల్లి దగ్గర మెట్ట ఊరు. చోళ్ళు, గంటెలు, గోగు పండే నేల. సముద్రాన్ని దగ్గరగా చూసింది ఉద్యోగం వచ్చాకే. పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరుగా నన్ను వేసిన ఊరు కళింగపట్నానికి కాస్త ఎడంగా, ఇసుక దిబ్బల వెనక ఉండేది. పేరుకు ఒకే పంచాయతీ గానీ నిజానికి రెండు ఊళ్ళు. పొలాల పక్కన రైతుల ఇళ్ళున్న భాగాన్ని అందరూ 'ఊరు' అనేవారు. సరుగుడు తోట దాటాక, ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ గుడిసెలున్న భాగాన్ని 'పేట' అనేవారు. ఊరి నుంచి సర్పంచ్‌తో కలిపి ఆరుగురు సభ్యులు, పేట నుంచి అయిదుగురు.

సర్పంచ్ ఊరి మనిషి. పెద్ద రైతు, పెద్ద ఒళ్ళు, నోట్లో ఎప్పుడూ చుట్ట. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కనిపించేది కాదు. కోపం త్వరగా వచ్చేది, వచ్చినంత త్వరగానూ పోయేది. ఆయన భార్య తమ్ముడు కూడా సభ్యుడే. బావగారి మాటకు అడ్డుపడడమే తన బాధ్యత అనుకునేవాడు.

పేట సభ్యుల్లో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకాయన వల పెద్ద, అంటే వల లాగే జట్టుకు నాయకుడు. సముద్రం వైపు చూసినంతసేపు మనుషుల వైపు చూసేవాడు కాదు. రెండోది ఆడవాళ్ళ స్థానంలో సభ్యురాలైన ముసలమ్మ. నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊళ్ళో ప్రతి గుమ్మం ముందూ ఆగేది. ఏ ఇంట్లో ఏ కూర వండారో, ఏ అత్తకు ఏ కోడలు ఎదురు చెప్పిందో ఆమెకు తెలియనిది లేదు. అక్కడి ఆడవాళ్ళలో చాలామంది లాగే అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పున్న కొస నోటిలోపల పెట్టుకుని, రెండు చేతులతో గంప సర్దుకుంటూ, మాటకు మాట విసిరేది.

ఆ ఏడు పంచాయతీ సమితి వారు మా పంచాయతీకి ఒక మంచినీటి బావి ఇచ్చారు. ఎక్కడ తవ్వాలో పంచాయతీ తీర్మానం చేసి పంపాలి. ఊళ్ళో అప్పటికే బావులున్నాయి. బావమరిది వీధిలోది పూడిపోయిందని, అక్కడే కొత్తది తవ్వాలని ఊరివాళ్ళ పట్టు. పేటలో ఒక్క బావీ లేదు. ఆడవాళ్ళు సరుగుడు తోట వెనక ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడుకునేవారు. ఎండలు ముదిరితే ఆ నీళ్ళు ఉప్పెక్కేవి. అప్పుడు బిందెలెత్తుకుని ఊరి బావికి వచ్చి, ఊరివాళ్ళందరూ తోడుకునేదాకా ఒక పక్కన నిలబడేవారు.

"నా కోడలు కడుపుతో ఉన్నాది బాబూ" అని ఆ ముసలమ్మ ఆఫీసు అరుగు మీద గంప దించి నాతో అంది. "వైశాకంలో నెలలు నిండుతాయి. అప్పటికి సెలమ ఉప్పెక్కిపోతాది. ఆ బరువుతో ఊరి దాకా బిందె మోస్తాదేటి? మీ కాగితం మీద ఈ సంగతి ఎక్కడైనా రాస్తారేటి?"

రాయడానికి చోటు లేదన్నాను.

"అయితే సోటు పెద్దది సేసుకో" అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సర్పంచ్‌కు ఈ సంగతి తెలియక కాదు. ఒకసారి ఆయనే నాతో అన్నారు: "ఆఫీసరు గారూ, నాకు కళ్ళు లేవనుకోకండి. పేటోళ్ళకి నీళ్ళు కావాల. కానీ నన్ను నెగ్గించింది ఊరోళ్ళు. నా సెయ్యెత్తి ఊరోళ్ళ బావి పేటకిచ్చేస్తే రేపు పొద్దున్న అందరూ నా ఇంటి ముందే నిల్చుంటారు. మా ఇంటిది తలుపు కూడా తియ్యదు. ఆవిడ తమ్ముడిది కదా వీది."

ఇదీ పరిస్థితి. పదకొండు మందీ వచ్చి చేతులెత్తితే బావి ఊరిదే. పేటవాళ్ళు రాకుండా తీర్మానం రాస్తే సమితిలో తగాదా. అందుకని బి.డి.ఓ. గారు తేల్చి చెప్పారు: రెండు పక్షాలూ కూర్చుని ఈ నెలాఖరులోగా తీర్మానం చేయాలి, లేకపోతే బావి పక్క పంచాయతీకి పోతుంది.

కానీ పేట సభ్యులు సమావేశానికి వస్తే కదా. నేను పద్ధతి మనిషిని. మొదటి సోమవారం పొద్దున్న పది గంటలకని నోటీసు పంపాను. ఆ వేళకు వాళ్ళు సముద్రం మీద ఉన్నారు. మధ్యాహ్నానికి మార్చాను. ఆ రోజు గాలి లేచి పడవలు ఒడ్డెక్కించుకుంటున్నారు. మళ్ళీ మార్చాను. ఆ రోజు గంగమ్మకు మొక్కుబడి. ప్రతిసారీ నోటీసు ముట్టినట్టు వేలిముద్రలు భద్రంగా ఉండేవి, మనుషులు ఉండేవారు కాదు. గడువులో ఆఖరి రోజుకు సాయంత్రం పూట సమావేశం పెట్టి, నేనే పేటకు వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాను. అందరూ వస్తామన్నారు. వల పెద్ద ఉతికిన చొక్కా కూడా తీసి చూపించాడు.

ఆ సాయంత్రం ఊరి సభ్యులు ఆరుగురూ ఆఫీసులో కూర్చున్నారు. పేటవాళ్ళ బెంచీ ఖాళీగా ఉంది. బావమరిది గోడ గడియారం వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. అప్పుడు ఆ ముసలమ్మ ఒక్కతే ఒగరుస్తూ వచ్చింది.

"మావోళ్ళు రారు బాబూ. సేప ఒడ్డుకొచ్చేసింది. అలివి ఏసేసినారు."

అలివి అంటే పెద్ద వల. పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా వదిలి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు తెస్తారు. అక్కడి నుంచి రెండు జట్లు నిలబడి లాగాలి. ఒకసారి వేశాక మధ్యలో ఆపడం కుదరదు.

సర్పంచ్ బల్ల గుద్దారు. "ఏటప్పా, సేప కోసం పంచాయతీ మానేస్తారేటి?"

"సేప మీ నోటీసు సదివి వస్తాదేటి బావూ?" అందామె.

"మరింకేటి, బావి పోయినట్టే" అని బావమరిది లేచి పంచె దులుపుకున్నాడు. "పదండి, పక్కూరోళ్ళు తాగుతారు నీళ్ళు."

నాకు ఆ క్షణంలో నా మెట్ట ఊరు గుర్తొచ్చింది. వాన పడ్డ రోజు మా నాన్నను ఎవరైనా నాగలి వదిలి సమావేశానికి రమ్మంటే ఏమనేవాడో తెలుసు. రూల్సు పుస్తకం నాకు కంఠతా వచ్చు. అందులో ఎక్కడ వెతికినా సమావేశం నాలుగు గోడల మధ్యే జరగాలని లేదు. మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకున్నాను. సిరా బుడ్డి, కలం జేబులో వేసుకున్నాను.

"ఎక్కడికండీ?" అన్నారు సర్పంచ్.

"సమావేశానికి. ఒడ్డు కూడా మన పంచాయతీ హద్దులోనిదే కదండీ."

ఆయన చుట్ట ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నారు. "పదండ్రా. ఈ సోద్యం కూడా సూసేద్దాం."

ఇసుకలో సర్పంచ్ గారి కిర్రు చెప్పులు అడుగడుక్కీ కూరుకుపోయాయి. ఆఖరికి విప్పి చేత్తో పట్టుకున్నారు. ఒడ్డుకు చేరేసరికి పేట పేటంతా అక్కడే ఉంది. "హైలెస్సా" అని ఒకరంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి లాగుతున్నారు. రెండు తాళ్ళలో ఉత్తరం వైపు దాని మీద నలుగురు సభ్యులూ ఉన్నారు. ఉతికిన చొక్కా మాత్రం చక్కగా మడతపెట్టి పడవ మీద ఉంది.

తాడు పక్కనే నిలబడి సమావేశం ప్రారంభమైందని చదివాను. అలల హోరులో గొంతు చించుకోవాల్సి వచ్చింది. కిందటి సమావేశం తీర్మానాలు ఖరారయ్యాయి. అసలు అంశం దగ్గరికి వచ్చాను.

"మంచినీటి బావి పేటలో తవ్వాలనే ప్రతిపాదనకు అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి."

ముసలమ్మ చెయ్యి వెంటనే లేచింది. మిగతావి లేవలేదు.

వల పెద్ద తల తిప్పకుండానే అరిచాడు: "సెయ్యెత్తితే తాడు జారిపోతాది బాబూ! ఈ తాడు మీద ఉన్నదే గుప్పెడు మందిమి. మేం నలుగురం వదిలితే వల కొట్టుకుపోతాది!"

"చేతులెత్తకపోతే లెక్కలోకి రాదు" అన్నాను.

"నోటితో సెప్తన్నాం కదా, పేటకే, పేటకే, పేటకే!"

"నోటి మాట రాయడానికి లేదు. చేతులే ఎత్తాలి."

"నీ రూల్సు ఎవుడు రాసినాడు బాబూ, తాడు లాగడం తెలీనోడు!"

అందరూ నవ్వారు. బావమరిది అందరికంటే గట్టిగా నవ్వాడు. "రాసుకోండి ఆఫీసరు గారూ. అనుకూలం ఒకటి!"

ముసలమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. ఆమె చుట్ట తీసి మాట్లాడడం నేను చూడడం అదే మొదలు. నేరుగా సర్పంచ్ ముందుకొచ్చి నిలబడింది.

"ఏటలా సూస్తన్నారు బావూ? రోజూ మీ కంచంలో ఏసిన సేప ఈ తాడు లాగితే వచ్చిందే. మావోళ్ళు సేతులెత్తి దించినంత సేపు మీరు తాడు పట్టలేరేటి? మీ ఒంట్లో గంజి లేదేటి?"

సర్పంచ్ మొహం ఎర్రబడింది. తిడతారనుకున్నాను. ఆయన చెప్పులు ఇసుకలో పడేసి, పంచె ఎగగట్టి, వెళ్ళి తాడు పట్టుకున్నారు.

"బావా! నీకేటి మతి పోయిందేటి?" అన్నాడు బావమరిది.

"గంజి లేదంటంది రా మనకి. రా, పట్టు!"

ఊరి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పేట ఆడవాళ్ళందరూ చూస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరు వచ్చి తాడు పట్టారు. ఆఖరికి బావమరిది కూడా పట్టాడు. నాగలి, పార పట్టిన చేతులే గానీ ఆ తడి తాడు వాళ్ళకు లొంగలేదు. మొదటి అలకే ఆరుగురినీ రెండడుగులు ముందుకు లాగేసింది. పేట అంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది.

నలుగురు సభ్యులూ తాడు వదిలి చేతులెత్తారు. రెండేసి చేతులూ ఎత్తారు. ఒక్కటి చాలన్నాను. ముసలమ్మతో కలిపి అయిదు. రాసుకున్నాను.

"ఇప్పుడు ఈ ప్రతిపాదనను వ్యతిరేకించేవారు..." అని నేను అంటుండగానే వల పెద్ద ఒక్క కేక పెట్టాడు. వల దగ్గరికి వచ్చేసింది. అలాంటప్పుడు కొందరు నీళ్ళలోకి దిగి వల అడుగు అంచును తొక్కిపట్టాలి. లేకపోతే చేప కింద నుంచి జారుకుంటుంది. నలుగురూ, ఆ తాడు మీదున్న మిగతా పేటవాళ్ళూ నడుం లోతు నీళ్ళలోకి పరిగెత్తారు. తాడు మీద ఊరివాళ్ళే మిగిలారు.

"వ్యతిరేకించేవారు చేతులెత్తండి" అన్నాను.

"బావా, మన వంతు! ఎత్తాల!" అన్నాడు బావమరిది, మడమలు ఇసుకలో తన్నిపెట్టి.

"ఎత్తరా. ఎవుడొద్దన్నాడు?" అన్నారు సర్పంచ్.

"తాడో?"

"తాడొగ్గేస్తే వాటా పోతాది" అంది ముసలమ్మ, చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ. పేటలో ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ అది. వల ఒడ్డెక్కే లోపల తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ పట్టులో వాటా ఉంటుంది, పరాయి ఊరివాడైనా సరే. మధ్యలో వదిలేసినవాడికి ఏమీ ఉండదు. పైగా ఆ ఏడాదంతా వాడి పేరు చెప్పుకుని నవ్వుతారు.

వల కడుపు అప్పుడే నీటి మీద తేలింది. వెండి ముద్దలా మెరుస్తోంది. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊరి సభ్యుల కళ్ళన్నీ దాని మీదే.

నేను మళ్ళీ అడిగాను. రూలు ప్రకారం కాస్త ఆగాను కూడా. సర్పంచ్ ఎడమ చేత్తో తాడును నడుముకు అదిమిపెట్టి, కుడి చేత్తో నోట్లోంచి చుట్ట తీసి, నిదానంగా బూడిద రాల్చి, మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు. తర్వాత ఆ చేతిని కూడా తాడు మీద వేశారు. బావమరిది ఒక వేలు ఎత్తబోయాడు. అల వచ్చింది. దించేశాడు.

'అనుకూలం అయిదు. వ్యతిరేకం లేదు. తీర్మానం ఆమోదించడమైనది' అని రాశాను. పుస్తకం మీద నీళ్ళు చిందాయి. ఆ మరకలు ఆ పుస్తకంలో ఉండిపోయాయి.

వల ఒడ్డెక్కింది. సంతకాలు చేపల మధ్యే అయ్యాయి. వాటాలు వేస్తుంటే ముసలమ్మ నాకు కూడా రెండు కానాగంతలు పెట్టింది. ప్రభుత్వోద్యోగిని, ఊరికే తీసుకోకూడదన్నాను.

"లంచం కాదు బాబూ, వాటా. అల కొట్టినప్పుడు పడిపోకుండా తాడు పట్టుకున్నావు, నాను సూణ్ణేదేటి?"

నిజమే, పట్టుకున్నాను. తీసుకున్నాను. వండడం రాక ఆమె చేతే వేయించుకుని అక్కడే తిన్నాను. 'కానాగంతలు రెండు. వాటా' అని ఆ రోజు డైరీలో ఉంది.

బావమరిది మరునాడు పొద్దున్నే ఆఫీసుకు వచ్చాడు. తీర్మానం కొట్టేయమన్నాడు. "మీరు చెయ్యెత్తారా?" అన్నాను. "ఎలాగెత్తుతాను, తాడు..." అని ఆగిపోయాడు. "ఇంట్లో కూర ఎలా ఉందండీ?" అన్నాను. గుర్రుగా చూసి, "బాగానే ఉన్నాది" అని వెళ్ళిపోయాడు. వీధిలో వాళ్ళకు మాత్రం ఆ సంగతి వేరేగా చెప్పుకున్నాడు. తాము ఆరుగురూ లేకపోతే ఆ రోజు పేటోళ్ళ వల సముద్రంలో కలిసిపోయేదని. కొన్నాళ్ళకు వీధి వీధంతా అదే చెప్పుకుంది. సర్పంచ్ ఇంటి ముందు ఎవరూ నిలబడలేదు.

బి.డి.ఓ. గారు తీర్మానం నకలు చూసి నన్ను పిలిపించారు. "సమావేశ స్థలం అన్నచోట సముద్రపు ఒడ్డు అని రాశావేమయ్యా?" అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నవ్వుతుంటే చేతిలో టీ సాసరులోకి, సాసరులోంచి ఫైలు మీదికి వచ్చింది. ఆ ఫైలు మీదే సంతకం పెట్టారు.

ఇసుక నేల కదా, నీళ్ళు ఉప్పగా పడతాయేమోనని అందరికీ గుబులు. నీరు పడ్డ రోజు మొదటి చేద ముసలమ్మకు ఇచ్చారు. నోట్లో చుట్ట తీసి, పుక్కిలించి, ఒక గుక్క తాగి, మొహం వికారంగా పెట్టింది. వల పెద్ద తల పట్టుకున్నాడు. సర్పంచ్ నోట్లో చుట్ట కదలలేదు.

"సల్లగున్నాది" అంది, మొహం విప్పి. "కొబ్బరి నీల్లలాగున్నాది."

సర్పంచ్ ఆమెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిడుతూనే చేద లాక్కుని తాగారు. అప్పటికి ఎండలు ముదిరాయి. పొట్ట పట్టుకుని గట్టు మీద కూర్చున్న కోడలు పకపకా నవ్వింది. నెల తిరక్కముందే ఆడపిల్లను కంది. ఆ పిల్లకు మొదటి స్నానం ఆ బావి నీళ్ళతోనే చేయించారు.

ఆ తర్వాత నన్ను కొత్తవలస వైపు బదిలీ చేశారు. సర్పంచ్ నా ట్రంకు పెట్టెను పాలేరు చేత మోయించకుండా తానే బస్సు దాకా తెచ్చారు. బస్సు ఇంకా కదలలేదు. ఎప్పటి నుంచో మనసులో ఉన్న మాట అడిగేశాను.

"ఆ రోజు వ్యతిరేకించేవారిని అడిగినప్పుడు మీ కుడి చెయ్యి ఖాళీగానే ఉందండీ. నేను చూశాను."

ఆయన అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరికి వంగారు. "ఖాళీ ఏటండీ? సుట్ట లేదేటి? పెద్ద సబ. పదిమంది ముందు సుట్ట ఉన్న సెయ్యి ఎత్తితే మరియాదగా ఉంటాదేటి?"

బస్సు కదిలింది. ఇసుక దిబ్బ మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆయన రోడ్డు మధ్యలో నిలబడి, చుట్ట ఉన్న ఆ కుడిచేతినే నిండా పైకెత్తి ఊపుతున్నారు.